చెరువులు నింపకముందే ఆసుపత్రి మురుగును పరీక్షించండి

సంపాదకుడు గారికి,

కాలువలకు నీళ్లు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. ఆలోపే మా కోనసీమ ఊళ్లలో కాలువ నీళ్లతో మంచినీటి చెరువులు నింపుకోవాలి. వేసవంతా తాగేది ఆ నీళ్లే. పట్టణం దాటేటప్పుడు ఆ కాలువలో ఏం కలుస్తోందో చెబుదామనే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవులు పెంచే ప్లేటు మీద మందు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. నేను చేరిన కొత్తలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ అంగుళం వలయం వచ్చేది. ఉద్యోగం చివర్లో మెరోపెనెమ్ బిళ్ల అంచును ఆనుకుని క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి పెరిగిన ప్లేట్లు ఈ చేతులతోనే పట్టుకున్నాను. ఐసీయూలో డాక్టర్లకు మిగిలిన ఆఖరి మందుల్లో మెరోపెనెమ్ ఒకటి. ఆ రోగుల మలమూత్రాలు ఎక్కడికి పోతున్నాయి?

మా పట్టణంలో భూగర్భ డ్రైనేజీ లేదు. ఈమధ్య మా బావగారిని చేర్చిన ఒక ప్రైవేటు ఆసుపత్రి వెనక్కి వెళ్లి చూశాను. శుద్ధి ట్యాంకు ఉంది. దాని మోటారు స్విచ్చి మీద సాలెగూడు అల్లుకుని ఉంది. పక్కనే ఒక పైపులోంచి నీళ్లు నేరుగా సైడు డ్రెయిన్లో పడుతున్నాయి. ఆ డ్రెయిన్ రెండు వీధులు దాటి కాలువలో కలుస్తుంది. దిగువ రేవులో పిల్లలు ఈదుతుంటారు.

చాలా యాంటీబయాటిక్‌లు, వాడిన మనిషి మూత్రంలో మందుగానే బయటికొస్తాయి. మందుకు లొంగని సూక్ష్మజీవి ఆ జన్యువును పక్కనున్న వేరే జాతికి కూడా అందిస్తుంది. మురుగులో రెండూ కలిసే ఉంటాయి. ఢిల్లీలో వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీళ్లు 50 పరీక్షిస్తే 2లో మెరోపెనెమ్ లాంటి మందులకు లొంగకుండా చేసే ఎన్‌డీఎమ్-1 జన్యువు దొరికిందని 2011లోనే వచ్చింది. మన కాలువలను అలా ఎవరైనా చూశారా?

2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి తన మురుగును శుద్ధి చేసే వదలాలి. పది పడకల్లోపు వాటికి 2019 డిసెంబరు 31 దాకా గడువిచ్చారు, అదీ దాటిపోయింది. ఆ నిబంధనల్లో బీవోడీకి, అంటే నీటిలోని మురికిని కొలిచే లెక్కకు, లీటరుకు 30 మిల్లీగ్రాముల హద్దు ఉంది. ఆ నీళ్లలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుండాలని ఉంది. మందులకు లొంగని సూక్ష్మజీవులకు మాత్రం ఏ హద్దూ లేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

కాలుష్య నియంత్రణ మండలి ప్రతి ఆసుపత్రి పైపు దగ్గరా నమూనా తీసి కల్చర్ చేయించాలి. ఫలితాలు వార్డు సచివాలయం బోర్డు మీద పెట్టాలి. శుద్ధి మోటారుకు విడిగా కరెంటు మీటరు బిగిస్తే అది తిరిగిందో లేదో రీడింగే చెబుతుంది. మరగబెట్టుకుని తాగమని ఊళ్లో అందరికీ చెబుతున్నాను, కానీ ఎన్ని ఇళ్లలో కుదురుతుంది?

కాలువలు కట్టేయడానికి ఇంకా మూడు వారాలుంది. కల్చర్ ఫలితం రావడానికి మూడు రోజులు చాలు.

— ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కోనసీమ జిల్లా