సంక్రాంతి అతిథులకు చీజ్ పళ్ళెం

సభ్యులందరికీ నమస్కారం. భోగి సాయంత్రం మన అమలాపురం కాలనీకి వచ్చే చుట్టాలకు అరిసెలు, జంతికలతో పాటు ఈసారి చీజ్ పళ్ళెం కూడా పెడుతున్నాం కనుక కొన్ని విషయాలు మనవి చేస్తున్నాను.

గట్టి చెడార్, కాస్త మెత్తని గౌడా, వెన్నలాంటి బ్రీ చాలు. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క తప్పక చూడండి. కొన్ని రకాల చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, మన పెద్దవాళ్ళలో శాకాహారులు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ఒక్క విషయంలో పొరపాటు జరగకూడదు.

చల్లదనం రుచిని, వాసనను అణిచివేస్తుంది కనుక చీజ్‌ను వడ్డనకు అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయాలి. అయితే మనుషులు కిక్కిరిసిన హాల్లో బ్రీ త్వరగా జారిపోతుంది, కాబట్టి దానిని చివరగా తీయండి.

పక్కన మోరి జీడిపప్పు, పచ్చికొబ్బరి ముక్కలు, చక్కెరకేళి, కొద్దిగా తేనె ఉంచండి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులను మాత్రం విడి పళ్ళెంలోనే పెట్టాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే చీజ్ తడి తగిలితే అంత పలుచని రేకు క్షణంలో మెత్తబడిపోతుంది.

ఎవరు ఏది తెస్తారో భోగి ముందురోజు మధ్యాహ్నంలోగా ఇక్కడ తెలియజేయగలరు.