ఒవియెడో నుంచి నాన్నగారికి

ఒవియెడో,
25 జూన్ 2025

నాన్నగారికి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "ఇదిగో అమ్మకిస్తున్నా" అనేస్తున్నారని ఈసారి కాగితం మీద రాస్తున్నాను. ఫొటోలు తీసి అక్క వాట్సాప్‌కి పంపుతాను. అక్క చేత చదివించుకోకండి, కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి.

పని బాగానే ఉంది. ప్రాజెక్టు సెప్టెంబరు దాకా పొడిగించారు, జీతం టైముకే పడుతోంది. వానలు మాత్రం జూన్‌లో కూడా వదల్లేదు. గొడుగు తెరవాలా వద్దా అన్నట్టు సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది. అమ్మ పంపిన ఆవకాయ సీసా అడుగున ఇంకా ఉంది, పొదుపుగా తింటున్నాను.

మీ కాలి సంగతి. అమ్మ మొన్న వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. రెండో ఆపరేషన్ కట్టు విప్పి మూడు వారాలైనా మీరు మంచం దిగడం లేదట. ఫిజియోథెరపీ అబ్బాయి వస్తే రేపు రమ్మంటున్నారట. "నా నడక అయిపోయిందే" అన్నారట. అమ్మని కోప్పడకండి, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ముప్పై ఏళ్ళు గ్రౌండులో విజిల్ ఊదిన మీ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

శనివారం రాత్రి ఈ ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదు. ఇక్కడి టీము రియల్ ఒవియెడో 24 ఏళ్ళ తర్వాత స్పెయిన్ మొదటి డివిజన్‌కి ఎక్కింది. మీకు వాలీబాలే లోకం, ఫుట్‌బాల్ పట్టదని తెలుసు. అయినా ఆ టీములో 40 ఏళ్ళాయన ఒకరున్నారు, ఆయన గురించి మీకు చెప్పాలి. పేరు సాంతీ కాసోర్లా. మిడ్‌ఫీల్డరు. ఎత్తు 1.68 మీటర్లు, అంటే మన అక్క కంటే కాస్త ఎక్కువ. కార్నర్ కిక్కు ఒక వైపు నుంచి కుడి కాలితో, ఇంకో వైపు నుంచి ఎడమ కాలితో కొడతారు. మీరు మాతో ఎడమ చేత్తో సర్వీసు చేయించేవారు కదా, ఆయన్ని చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఆయనది ఈ పక్కనే యానేరా. చిన్నప్పుడు ఒవియెడో పిల్లల టీముల్లోనే ఆడారు. 2003లో క్లబ్బు అప్పుల్లో మునిగి నాలుగో డివిజన్‌కి పడిపోయింది. అప్పుడు 18 ఏళ్ళ కుర్రాడు ఊరొదిలి వియారియల్ అనే క్లబ్బుకి వెళ్ళారు. తర్వాత మాలగా, 2012 నుంచి లండన్‌లో ఆర్సెనల్. స్పెయిన్ టీముతో 2008లో, 2012లో యూరో కప్పు గెలిచారు.

2016 అక్టోబరులో ఒక మ్యాచ్‌లో కాలికి దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేస్తే గాయం మానలేదు. కుట్లు వేసిన ప్రతిసారీ విచ్చుకుని నీరు కారేది. చివరికి విటోరియాలో ఒక డాక్టరు తెరిచి చూస్తే, పిక్క కండని మడమ ఎముకకి కలిపే లావుపాటి స్నాయువుని (టెండన్‌ని) 8 సెంటీమీటర్ల మేర బ్యాక్టీరియా తినేసింది. మీ చూపుడువేలంత పొడవు. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత దాకా వచ్చింది. "మీ అబ్బాయితో తోటలో నడవగలిగితే అదే చాలనుకోండి" అని అంతకుముందు డాక్టర్లు ఆయనకి చెప్పారట.

మడమ దగ్గర చర్మం లేకపోతే ఎడమ చేతి నుంచి తీసి అతికించారు. ఆ చేతి మీద ఆయన కూతురి పేరు పచ్చబొట్టు ఉండేది. ఇప్పుడు ఆ పేరులో కొన్ని అక్షరాలు చేతి మీద, కొన్ని కాలి మీద ఉన్నాయి. ఆ ఫొటో చూసినప్పుడు మీ తొడ మీద చర్మం తీసిన చోటు గుర్తొచ్చి, కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

ఆయనకి డబ్బుంది, గొప్ప డాక్టర్లున్నారు అంటారు మీరు. నిజమే నాన్నా, కాదనను. కానీ నెలల తరబడి భార్యాపిల్లలకి దూరంగా సలమాంకా అనే ఊళ్ళో ఫిజియో చేయించుకున్నారు. పది దాకా ఆపరేషన్లు అయ్యాయి. 636 రోజుల తర్వాత మళ్ళీ వియారియల్ చొక్కాతో మైదానంలోకి దిగారు. ఆర్నెల్లు తిరక్కుండానే రియల్ మాడ్రిడ్ మీద రెండు గోల్స్ కొట్టారు, అందులో ఒకటి తలతో.

2023లో సొంత ఊరి టీముకి తిరిగొచ్చారు. ఒవియెడో పెద్దల టీము చొక్కా వేసుకోవడం అదే మొదటిసారి. రూలు ఒప్పుకునే కనీస జీతం చాలన్నారు. తన పేరున్న చొక్కాల అమ్మకంలో పదో వంతు పిల్లల అకాడమీకి ఇవ్వమన్నారు.

శనివారం మ్యాచ్ మా కింద ఇంటి పెద్దాయనతో కలిసి చూశాను. 2012లో క్లబ్బు మూతపడబోతుంటే జనం ఒక్కో షేరు 10.75 యూరోలకి కొని నిలబెట్టుకున్నారు. ఈయన కొన్న కాగితం హాల్లో దేవుడి పటం పక్కనే ఫ్రేము కట్టి ఉంది. కాసోర్లా కూడా అప్పుడు ఇంగ్లండు నుంచే కొన్నారు. పై డివిజన్‌కి ఎక్కాలంటే మిరాందేస్ అనే టీముతో రెండు మ్యాచ్‌ల్లో కలిపి నెగ్గాలి. మొదటి మ్యాచ్ మావాళ్ళు 1-0తో ఓడారు, శనివారం రెండో దాంట్లోనూ ముందు గోలు మిరాందేస్‌దే. 39వ నిమిషంలో పెనాల్టీ. కాసోర్లా బంతి పెట్టుకుంటుంటే పెద్దాయన చూడలేక గోడ వైపు తిరిగిపోయారు. గోలని నేనరిస్తే గానీ ఇటు తిరగలేదు. ఎక్స్‌ట్రా టైములో 3-1తో గెలిచాం. చేతికర్రతో నడిచే మనిషి, నా భుజం పట్టుకుని నడిరోడ్డు దాకా వచ్చి ఏడ్చారు. నాకు మీ మీద బెంగ పట్టుకుంది.

ఆపరేషన్ రోజున నేను పక్కన లేను. ఇక్కడ ఉండే పర్మిట్ కార్డు రెన్యువల్ కాగితాలు చేతికి రాక ఆగిపోయాను, అది మీకు తెలుసు. తెలిసి కూడా మీరు ఒక్క మాట అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. తిట్టండి నాన్నా, ఫర్వాలేదు.

బావగారు పంపు సెట్టు డబ్బులు అడిగారట, ఒకటో తారీఖున వేస్తానని చెప్పండి. అమ్మ బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించండి.

సెప్టెంబరు ఆఖర్లో వస్తున్నాను. కాలవ గట్టు దాకా రమ్మనను, వీధి చివర రావిచెట్టు దాకా ఇద్దరం కలిసి వెళ్దాం. రేపు ఫిజియో అబ్బాయిని వెనక్కి పంపకండి. మీరు రోజుకి ఎన్ని అడుగులు వేశారో క్యాలెండరులో పాల లెక్క పక్కనే రాయమని అమ్మకి చెప్పాను. ఆదివారం వీడియో కాల్‌లో ఆ క్యాలెండరు మీరే పట్టుకుని చూపించాలి.

మీ
చిన్నబ్బాయి