బరంపురంలో మూడు గౌరీలు

బావా,

ఎలాగున్నావు? మొన్న ఫోన్లో సగం చెప్పి పెట్టేశాను కదా, కొట్లోకి జనం వచ్చేశారు, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. డేటా స్ట్రక్చర్స్, అదే కంప్యూటర్లో సమాచారం సర్దిపెట్టే పద్ధతులు, ఇంటర్వ్యూల కోసం బట్టీ కొట్టి మర్చిపోయే సబ్జెక్ట్ అని నువ్వూ నేనూ ఎన్నిసార్లు అనుకున్నామో గుర్తుందా? అదే సబ్జెక్ట్ ఇక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర ముందు వారంలో మావయ్య పట్టుచీరల కొట్లో, పదిమంది ముందు నా పరువు తీసేసింది రా.

మావయ్య ఎర్రట్ట ఖాతా పుస్తకం చూసి జాలేసి నేనే ఒక ప్రోగ్రాం రాసిచ్చాను, ఖాతాలన్నీ పైథాన్ భాషలో డిక్షనరీ అనే దాంట్లో, అంటే కీ అనే ఒక గుర్తు చెప్తే దాని ఖాతా తీసిచ్చే పట్టీలో పెట్టాను, కస్టమర్ పేరే ఆ కీ. నవ్వకు, ఆగు. గౌరి అని ఒకావిడ కుంభం అంచు చీరకి నాలుగు వేలు అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళింది, ఆరోజు టైప్ చేసింది నేను, మనోళ్ళ అలవాటు ప్రకారం జీ తర్వాత ఓ, ఆ తర్వాత డబ్ల్యూ కొట్టాను. చీర తీసుకోడానికి వచ్చిన రోజు కౌంటర్లో ఉన్నది ఒడియా కుర్రాడు, వాళ్ళు ఆ డబ్ల్యూ దగ్గర యూ రాస్తారు. ప్రోగ్రాం ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇలాంటి మనిషే లేదు పొమ్మంది, వాడు పాపం కొత్త ఖాతా తెరిచి మొత్తం డబ్బు అడిగాడు. ఆవిడ తెలుగులోనూ ఒడియాలోనూ మార్చి మార్చి తిట్టింది. మావయ్య ఏం మాట్లాడలేదు, ఎర్ర పుస్తకం తీసి గ పేజీ తిప్పి "ఇదిగో" అన్నాడంతే.

రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే తెలిసింది, తప్పు డిక్షనరీది కాదు. దాని వెనకాల ఉన్నది హాష్ టేబుల్, పేరుని నలిపి ఒక నంబర్ చేసి ఆ నంబర్ గల గూట్లో పడేస్తుంది, మళ్ళీ అడిగితే మళ్ళీ నలిపి తిన్నగా ఆ గూటికే పోతుంది, పది మంది ఉన్నా పది లక్షల మంది ఉన్నా ఇంచుమించు ఒకటే టైమ్. కానీ ఆ నలపడంలో ఒక్క అక్షరం తేడా వచ్చినా గూడు ఎక్కడో ఉంటుంది. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని చెల్లాచెదురు చేయడమే దాని పని, లేకపోతే అన్నీ ఒకే గూట్లో పడి కిక్కిరిసిపోతాయి. ఇంకో తమాషా, పైథాన్ ఆ గూళ్ళు మూడింట రెండొంతులు నిండగానే పెద్ద టేబుల్ తీసుకుని అన్నీ అందులోకి సర్దుతుంది, అంటే ఎప్పుడూ కొన్ని ఖాళీగానే ఉండాలి. మావయ్యకి చెప్తే, అద్దె కట్టే అలమారాలో మూడో వంతు ఖాళీగా ఉంచేవాడు వ్యాపారం చేసినట్టే అన్నాడు.

ఈ హాష్ ఐడియా ముందు రాసిపెట్టినాయన ఎవరో తెలుసా? హాన్స్ పీటర్ లూన్, ఐబీఎంలో పనిచేసేవాడు, 1953లో ఆఫీసు లోపలి కాగితంగా రాశాడు. క్రెడిట్ కార్డు నంబర్లో తప్పు అంకె కొడితే పట్టుకునే లెక్క కూడా ఆయనదే. అంతకుముందు ఆయనది బట్టల లైను రా బావా! గుడ్డలో దారాలు లెక్కపెట్టే లూనోమీటర్ అనే పరికరం చేశాడు. ఇది వినగానే మావయ్య మొదటిసారి నా చదువుని మర్యాదగా చూశాడు, ఆ పరికరం దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు కూడా.

సరే, మరి గౌరిని ఎలా పట్టుకోవాలి? పేర్లు అక్షర క్రమంలో పెట్టి సగం సగం తెంపుకుంటూ వెతికితే వెయ్యి పేర్లకి పది చూపులు, పది లక్షలకి ఇరవై, హాష్ కంటే నిదానమే అయినా పేరు దొరక్కపోతే పక్కన ఎవరున్నారో కనిపిస్తుంది. కాకపోతే అర్రేలో, అంటే వరసగా పేర్చిన గూళ్ళలో, మధ్యలో ఒక పేరు దూర్చాలంటే తర్వాతవన్నీ జరపాలి. నేను చివరికి ట్రై పెట్టాను, 1960లో ఫ్రెడ్కిన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టిన చెట్టు, ఒక్కో అక్షరానికి ఒక్కో కొమ్మ. జీ, ఓ దాకా ఇద్దరు గౌరీలూ ఒకే దారిలో వచ్చి అక్కడ డబ్ల్యూ ఒకవైపు, యూ ఒకవైపు చీలతారు, అందుకని జీ, ఓ కొట్టగానే ఇద్దరూ తెర మీద కనిపిస్తారు. ఓ బదులు ఏ పెట్టే మూడో గౌరి మాత్రం జీ దగ్గరే వేరే కొమ్మ పట్టేస్తుంది, దానికింకా దారి దొరకలేదు. చూస్తే మావయ్య గ పేజీ కూడా ఒక్క మెట్టు ఉన్న ట్రైయే కదా, పైగా తెలుగులో రాస్తాడు కాబట్టి ముగ్గురు గౌరీలూ ఒకే పేజీలో ఉంటారు.

స్టాక్ అనే దొంతర గురించి రాయను, కింద చీర కావాలంటే పైవన్నీ దించాలని కొట్లో అందరికీ తెలుసు.

ఫోన్ నంబర్ని కీ చేయొచ్చు కదా అంటావు, చేశాను. రెండో రోజే తోడికోడళ్ళు ఇద్దరు ఒకే నంబర్ ఇచ్చారు, రెండో ఆవిడ ఖాతా మొదటి ఆవిడ ఖాతా మీద ఎక్కి కూర్చుంది. ఇప్పుడు రసీదు నంబర్ కీ, పేరుకి ట్రై, ఒక్కో ఫోన్ నంబర్ కింద ఆ నంబర్ ఇచ్చినవాళ్ళ లిస్టు. ఎర్ర పుస్తకం ఇంకా గల్లాపెట్టె పక్కనే ఉంది, మావయ్య రెండింట్లోనూ రాయిస్తున్నాడు. ఆ మూడో గౌరికి ఏటి చేయాలో నీకేమైనా తోస్తే రాయి, వచ్చేటప్పుడు నా పాత పెన్‌డ్రైవ్ తేవడం మర్చిపోకు.

నీ,
బరంపురం బావ