శొంఠి డబ్బా పంపుతున్నాను

కాకినాడ

ఒరేయ్ ప్రసాదూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదురా. షుగరుకు వారానికోసారి వేసుకునే మౌంజారో ఇంజక్షన్ 5 మిల్లీగ్రాములకు పెంచిన దగ్గర్నుంచి అన్నం చూస్తేనే కడుపులో తిప్పుతోందన్నావు. ఇక మానేస్తానన్నావు. ఏవో మూలికల క్యాప్సూల్స్ తెప్పించుకుంటానని కూడా అన్నావు. ఫోన్లో హడావుడిగా చెప్పే విషయం కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు మౌంజారో మొదలుపెట్టి ఇది ఏడో నెల. 2.5తో నాలుగు వారాలు బాగానే గడిచాయి. 5కి మారిన మొదటి వారం మాత్రం నరకం చూశాను. శుక్రవారం రాత్రి ఇంజక్షన్ వేసుకుంటే శని, ఆదివారాలు వంటింట్లోంచి పోపు వాసన వస్తే చాలు, వీధరుగు మీదకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం తిన్న రెండు ముద్దలు రాత్రికి కూడా గుండెల కిందే ఉన్నట్టుండేది. ఈ మందు తీరే అంత. ఒకవైపు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, ఇంకోవైపు మెదడులో ఆకలిని, వికారాన్ని చూసే చోట్ల పనిచేస్తుంది. మోతాదు పెంచిన ప్రతిసారీ ఒళ్ళు మళ్ళీ అలవాటు పడాలి.

నాకు నిజంగా పనికొచ్చింది శొంఠి. అమ్మ సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి, శొంఠి కొమ్మును గంధం తీసినట్టు అరగదీసేది. పీచు కొమ్మునే ఉండిపోయి, లేత గోధుమ రంగు ముద్ద రాయి మీద మిగిలేది. దాన్ని వేలితో తీసి పల్చటి మజ్జిగలో కలిపి, చిటికెడు ఉప్పు వేసి ఇచ్చేది. గుక్క గుక్కగా తాగితే పావుగంటలో ఆ తిప్పుడు కొంచెం సర్దుకునేది. పచ్చి అల్లంలో ఉండే జింజరాల్ ఎండినప్పుడు షోగాల్‌గా మారుతుందట, శొంఠికి ఆ ఘాటు అందుకే. ఇవి వాంతిని రేపే సెరొటోనిన్ సంకేతాలకు అడ్డుపడతాయి. డాక్టర్లు రాసే ఆండాన్సెట్రాన్ మాత్ర పనిచేసేదీ అక్కడే. కాకపోతే ఆ మాత్ర మలబద్ధకం తెస్తుంది, నీకు అసలే ఆ బాధ ఉంది. గర్భిణుల వేవిళ్ళ మీద చేసిన పరిశోధనల్లో రోజుకు ఒక గ్రాము దాకా అల్లం పొడి ఇచ్చి చూశారు. పొడి వాడితే ఉదయం పావు చెంచా, సాయంత్రం పావు చెంచా చాలు. మంచిదన్నారు కదా అని గుప్పెడు వెయ్యకు, గుండెల్లో మంట మొదలవుతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టరును అడగకుండా రోజూ తీసుకోవద్దు.

ఇక మలబద్ధకం సంగతి. ఇసబ్గోల్ తీసుకుంటున్నానన్నావు, నీళ్ళు ఎన్ని తాగుతున్నావురా? నేను మొదట్లో అరగ్లాసు నీళ్ళలో రెండు చెంచాలు కలుపుకుని తాగేశాను. ఆ రాత్రంతా పొట్ట రాయిలా బిగిసిపోయింది. తర్వాత ఓ రోజు అలాగే కలిపి, తాగకుండా బల్ల మీద పెట్టి చూశాను. అయిదు నిమిషాల్లో చెంచా నిలబడేంత జిగురుముద్ద అయింది! నెమ్మదిగా కదిలే పొట్టలో అలాంటి ముద్ద వేస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. ఇప్పుడు ఒక్క చెంచాతో సరిపెట్టి, పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపిన వెంటనే తాగేసి, పైన ఇంకో గ్లాసు తాగుతున్నాను. మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచు. వాంతులవుతున్న రోజు అసలు ముట్టుకోకు. సునాముఖి ఆకు పొడి కూడా పనిచేస్తుంది, అందులోని సెన్నోసైడ్లు పేగును గట్టిగా కదిలిస్తాయి. కానీ అది ఎప్పుడో ఒకసారికే, రోజూ కాదు.

సోంపు, వాము కొంచెం నమిలితే ఉబ్బరానికి హాయిగా ఉంటుంది. పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్స్ మాత్రం నీకొద్దు. అందులోని మెంథాల్ పేగునే కాదు, అన్నవాహిక చివర ఉండే బిగింపునూ వదులు చేస్తుంది. నీ పుల్లటి తేన్పులు ఇంకా ఎక్కువవుతాయి.

ఆ క్యాప్సూల్స్ మాటకొస్తే నాకు కోపమే వస్తుందిరా. ఇక్కడ ఓ షాపులో నాకు బెర్బెరిన్ సీసా అంటగట్టారు. మానుపసుపులో ఉండే పదార్థమే, ప్రకృతిసిద్ధమైన ఒజెంపిక్ (మన మౌంజారో లాంటి ఇంకో ఇంజక్షన్) అన్నారు, వికారం కూడా తగ్గుతుందన్నారు. పది రోజులు వేసుకుంటే కడుపునొప్పి, విరేచనాలు. తర్వాత మా డాక్టరు చెప్పాడు, దానికదే పొట్టను పాడుచేస్తుందట, పైగా కొన్ని మందులు కాలేయంలో అరిగే తీరును మారుస్తుందట. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, వందల మిల్లీగ్రాముల సారం వేరు. ప్రకృతి అన్న మాట చూసి పడిపోకు. ఈ ఇంజక్షన్ల కుటుంబంలో మొదటిది, 2005లో అమెరికాలో అనుమతి పొందిన ఎక్సెనటైడ్, గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన పదార్థం నుంచే వచ్చింది. అదీ ప్రకృతే కదా!

నువ్వు షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర కూడా వేసుకుంటావు కాబట్టి ఇంకో మాట. తిండి తగ్గించి, ఇంజక్షన్ వేసుకుని, పైన మెంతుల పొడి కూడా తాగితే షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే షుగర్ చూసుకుని, పంచదార నీళ్ళు తాగు.

పై పొట్టలో పట్టినట్టు నొప్పి వచ్చి వీపులోకి పాకినా, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులైనా, మూత్రం బాగా తగ్గినా శొంఠి, సోంపు అంటూ కూర్చోకు. చెల్లెమ్మకు చెప్పి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళు. మానేయాలనుకుంటే కూడా నీ అంతట నువ్వు మానొద్దు. వికారం ఇంతుందని డాక్టరుకు చెప్పు, 2.5కి తగ్గించి మరికొన్నాళ్ళు ఉంచుతారేమో అడుగు. నాకు అలాగే చేశారు, అప్పుడే కుదుటపడ్డాను.

రేపు రాత్రి బస్సులో పార్సిల్ వేస్తున్నాను. అందులో అమ్మ ఎండబెట్టిన శొంఠి కొమ్ములు, చిన్న సానరాయి ఉంటాయి. ఇంజక్షన్ రోజు వేపుళ్ళు ముట్టుకోకుండా పెసరకట్టు, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా తిను. శనివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగావో లెక్క చెప్పాలి.

నీ
మూర్తి