మందు వాడుతుండగా ఆ పరీక్షలెందుకు?

సంపాదకులకు,

కాలి సిరలో రక్తం గడ్డకట్టి, గడ్డలు కట్టకుండా ఆపే వార్ఫరిన్ మందు వాడుతున్న మా చెల్లికి ఇక్కడ ఒక ల్యాబ్‌లో, రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్‌ల పరీక్షలు చేసి రెండూ తక్కువన్నారు, ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. ఆ రెండూ పనికొచ్చేలా తయారవ్వాలంటే విటమిన్ కె ఉండాలి, వార్ఫరిన్ అడ్డుపడేది సరిగ్గా అక్కడే, మరి తగ్గక ఏమవుతాయి? గర్భిణుల్లోనూ ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది.

గడ్డ కట్టించే త్రాంబినే, రక్తనాళం లోపలి పొర మీదుండే త్రాంబోమాడ్యులిన్‌ను పట్టుకోగానే ప్రోటీన్ సిని పనిలోకి దించుతుంది, అది ప్రోటీన్ ఎస్ తోడుతో గడ్డ కట్టడానికి తోడ్పడే 5, 8 ఫ్యాక్టర్లకు కళ్లెం వేసి గడ్డ పాకిపోకుండా చూస్తుంది. ఎంత గొప్ప ఏర్పాటండీ! పుట్టుకతోనే ఇవి లోపించినవాళ్లకు ఈ పరీక్ష నిజంగా అవసరం. కానీ మందు వల్ల తగ్గినదాన్ని పుట్టుకతో వచ్చిన లోపమని పొరబడకూడదు కదా, అందుకే రక్తం తీసేముందే ఏ మందులు వాడుతున్నారో అడిగి, రిపోర్టులో రాయాలి. పరీక్ష కోసమని ఎవరూ సొంతంగా మందు ఆపకండి, డాక్టరునే అడగండి.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు