మిర్చి పరాయి మాటేం కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఇదే పేజీలో ఒకాయన మన గుంటూరు మిర్చి యార్డు పేరు మార్చాలని రాశారు. మిర్చి హిందీ మాటట, ఇంత కాయ పండే ఊళ్ళో ఉండి కూడా మనం మిరప అనకపోవడం సిగ్గుచేటట. పక్కనే ఉన్న ‘యార్డు’ మీద మాత్రం ఆయనకి ఏ అభ్యంతరమూ లేనట్టుంది! తెలుగు మీద ఆయన అభిమానం నాకు నచ్చింది గానీ, ఈ మాట మీద కోపం అనవసరం.

అసలు మిర్చి, మిరప రెండూ మొదట ఈ కాయ పేర్లు కావు. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటేనాటికి మన దేశంలో మిరప మొక్కే లేదు. అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. అప్పటిదాకా మన కూరల్లో ఘాటంతా మిరియాలదే. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో తద్దినం వంటలో మిరపకాయ ముట్టరు, మిరియాలతోనే కానిస్తారు. మరి కొత్త కాయ వచ్చింది, నోరు మండిస్తోంది, ఏమని పిలవాలి? తెలిసిన మిరియం పేరే తగిలించేశారు, అదీ మనం ఒక్కళ్ళమే కాదు. సంస్కృతంలో మరిచం అంటే మిరియమే, హిందీ మిర్చ్ అందులోంచి వచ్చిందే, అందుకే వాళ్ళకి మిరియాలు ఈనాటికీ కాలీ మిర్చ్. మరాఠీలో మిరియం మిరీ, మిరపకాయ మిర్చీ. తమిళంలో మిళగు అంటే మిరియం, దానికి కాయ కలిపితే మిళగాయ్. కన్నడంలో మెణసు, మెణసినకాయి. మలయాళం వాళ్ళయితే ముళగు అన్న మాటని కొత్త కాయకే రాసిచ్చేసి, పాపం పాత మిరియాన్ని కురుముళగు చేసేశారు. సింహళంలో మిరిస్ అంటే మిరపకాయ, మిరియానికి గమ్మిరిస్. మన మిరియం, మిరప కూడా ఈ గుంపులోవే. ఇందులో ఎవర్ని పొమ్మంటాం?

యూరప్ వాళ్ళూ ఇదే పని చేశారు. ఇంగ్లీషులో మిరియమూ పెప్పరే, మిరపకాయా పెప్పరే. హంగరీ వాళ్ళ పాప్రికా కూడా సెర్బియా వైపు మిరియాన్ని పిలిచే పాపర్ లోంచి పుట్టిందే. ఇంకా తమాషా ఏంటంటే, ఈ పెప్పర్ మన పిప్పలి! గ్రీకులోకి, లాటిన్‌లోకి వెళ్ళి అక్కణ్ణుంచి ఇంగ్లీషుకి చేరింది. ఆయుర్వేదం షాపులో త్రికటు చూర్ణం అడిగి చూడండి, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపి ఇస్తారు. అందులో పిప్పళ్ళేమో యూరప్‌కి పెప్పర్ అన్న మాటనిచ్చాయి, మరిచమేమో మన దేశానికి మిర్చి అన్న మాటనిచ్చింది. ఆ శొంఠి కూడా తక్కువేం తినలేదు, పచ్చిగా ఉన్నప్పుడు అది అల్లమే కదా, అల్లానికి సంస్కృతంలో శృంగవేరం అని పేరు, అదే ఊళ్ళు తిరిగి తిరిగి జింజర్ అయి కూర్చుంది.

ఇక మన దగ్గర సంగతి. ఈ రెండు మాటల్నీ జనం ఎవరూ చెప్పకుండానే పంచుకున్నారు. పొలంలో ఉన్నంతసేపూ అది మిరప తోట, మిరప నారు, కల్లంలో ఎండబోసినా మిరగాయలే. టిక్కీల్లోకి, అంటే బస్తాల్లోకి, ఎక్కి చుట్టుగుంటలోని యార్డు చేరేసరికి మిర్చి అయిపోతుంది, అక్కడ కమీషన్ వ్యాపారి నోట మిరపకాయ అన్న మాట వినపడేది తక్కువ, అదైనా తేజ, బ్యాడిగి అని రకం పేరు చెప్పకపోతేనే. మళ్ళీ అదే మనిషి సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీ అనే అడుగుతాడు. ఇంత చక్కగా నడుస్తున్నదాన్ని బోర్డు మార్చి సరిచేసేదేముంది?

అన్నట్టు, మీ ధరల పట్టికలో మేలు రకాల రేట్లు వేసి తాలు కాయల (రంగు పోయిన నాసి కాయల) రేటు వదిలేస్తున్నారు. తాలు ఎక్కువ పడ్డ రైతుకి ముందు కావలసింది అదే, దయచేసి వేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు