కడబంతి చేపలు

ఏరా, ఎలా ఉన్నావు?

నీ ఉత్తరం, ట్యాంకు ఫోటో నిన్న అందాయి. మొక్కలు బాగా నాటుకున్నాయి, గప్పీ చేపల తోకలు చూస్తే ముచ్చటేసింది. కానీ చివర్లో నువ్వు రాసిన రెండు ముక్కలు రాత్రంతా మనసులో మెదులుతూనే ఉన్నాయి. రెండు పూటలా మేత వేస్తూనే ఉన్నా కోరీలు, అదే అడుగున తిరిగే ఆ మీసాల చేపలు, రెండు పోయాయనీ, పొట్టలు లోపలికి పీక్కుపోయాయనీ రాశావు. రోగమూ కావచ్చు, కాదనను. కానీ ముందు ఆకలిని అనుమానించు.

నాకెందుకు తెలుసంటే, నా మొదటి ట్యాంకులోనూ ఇదే జరిగింది. చేపలమ్మిన అతను "కిందుండే వాటికి వేరే మేత అక్కర్లేదండీ, పైవాటికి మిగిలిందే తింటాయి" అన్నాడు. నమ్మాను. రెండు నెలలకు ఒక కోరీని అరచేతిలోకి తీసుకున్నాను. తల మామూలుగానే ఉంది, కింద పొట్ట ఉండాల్సిన చోట గుంట. రోజూ మేత పడుతున్న ట్యాంకులో అది పస్తులుండి చచ్చిపోయింది. ఆ బాధ నాకింకా పోలేదురా.

నీ ట్యాంకును పెళ్ళి భోజనాల బంతి అనుకో. గప్పీలది మొదటి బంతి. వాటి నోరు పైకి తిరిగి ఉంటుంది చూడు, నీటి మీద తేలేది అందుకోవడానికే అలా ఉంది. నువ్వు వేసే ఫ్లేక్స్, అదే ఆ రేకుల మేత, తేలుతున్నంతసేపూ వాటివే. నడిమి బంతిలో నియాన్ టెట్రాలు. నోరు ముందుకు ఉంటుంది, కానీ మరీ చిన్నది. కిందికి జారుతున్న పలుకును దారిలో పట్టుకుంటాయి. పెద్ద ఫ్లేక్ అయితే నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తాయి. వాటి కోసం ఫ్లేక్స్‌ను వేళ్ళ మధ్య నలిపి పొడి చేసి, చిన్న గిన్నెడు ట్యాంకు నీళ్ళలో తడిపి పొయ్యి. తడిసింది కాబట్టి తేలకుండా మెల్లగా దిగుతుంది. కడబంతి కోరీలది. వాటి నోరు కిందికి ఉంటుంది. వడ్డన అక్కడిదాకా వచ్చేసరికి విస్తట్లో ఏమీ మిగలదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. కోరీలకు ఆ మనవాడివి నువ్వే.

ఈ రాత్రే ఇలా చేసి చూడు. ముందు కుడి మూలన గప్పీలకు చిటికెడు ఫ్లేక్స్ వెయ్యి. అవన్నీ అక్కడ మూగుతాయి. వెంటనే ఎడమ మూలన, మొక్కల వెనక, నీటిలో మునిగే గుళికలు వెయ్యి. షాపులో సింకింగ్ పెల్లెట్స్ అని అడుగు, ఇస్తారు. అప్పటికీ పైవి వచ్చి లాక్కుంటుంటే, లైటు ఆర్పిన అరగంటకు వెయ్యి. కోరీలు కంటి మీద కంటే మీసాల మీదే ఎక్కువ ఆధారపడతాయి, చీకటైనా వెతుక్కుంటాయి.

ఒక్కసారి దగ్గర కూర్చుని చూడరా. కోరీ ఇసుకలోకి కళ్ళ దాకా మూతి దూర్చి, మీసాలతో తడుముకుంటూ పోతుంది. నోట్లోకి పోయిన ఇసుక మొప్పల్లోంచి సన్నగా రాలిపోతుంటుంది. గుళిక దొరికిందా, అక్కడే ఆగిపోయి, కన్ను కొట్టినట్టు ఒకసారి కనుగుడ్డు కిందికి తిప్పుతుంది. నేను రోజూ దానికోసమే కూర్చుంటాను. నీ దగ్గర అడుగున గులకరాళ్ళున్నాయి, ఫోటోలో కనిపించాయి. అంచులు గరుకుగా ఉంటే మీసాలు అరిగిపోతాయి. గుళికలు వేసే మూలనైనా మెత్తటి ఇసుక పొయ్యి.

సక్కర్ ఫిష్ మురికంతా తిని శుభ్రం చేస్తుందని రాశావు. అది తినేది పాచి. చేపల రెట్ట తినదు. అద్దం మీద పాచి అయిపోయాక దానికీ మేత కావాలి. కీర దోసకాయ ముక్క ఫోర్క్‌కు గుచ్చి రాత్రి లోపల పెట్టు, పొద్దున్నే తీసెయ్యి. మామూలు రకమైతే అడుగు దాటి పెరుగుతుంది, నీ ట్యాంకు చాలదు. అప్పుడు షాపుకు తిరిగిచ్చెయ్యి గానీ, చెరువులో మాత్రం వదలొద్దు. మనవైపు చెరువుల్లో రాకాసి చేప అంటూ వలలు చింపుకుని మొత్తుకుంటున్నారే, అది ఈ జాతిదే.

ఏంజెల్ చేప సంగతి కూడా. ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది. పెద్దదయ్యాక దానికి నియాన్లే మేత. కడుపు నిండా పెట్టినా ఆ గుణం మారదు, నోట్లో పట్టేది మింగుతుంది. ఇప్పుడే వేరు చెయ్యడం మంచిది.

ఇవన్నీ విని మేత మాత్రం పెంచకు. రెండు నిమిషాల్లో పైవి తినేసేంత చాలు. మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా అనే విషం అవుతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా కుళ్ళుతుంది. కోరీలకు వేసిన గుళిక పొద్దునకీ అలాగే ఉంటే తీసెయ్యి, మర్నాడు ఒకటి తగ్గించు. వారానికి ఒకసారి ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్, అంటే గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు, కరిగించి పెట్టు, అన్నీ ఎగబడతాయి. మురుగు కాలవల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం వద్దు, రోగాలు వెంటబెట్టుకొస్తాయి.

సంక్రాంతికి ఊరెళ్తే మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా ఎదిగిన చేపలకేం కాదు. ఎక్కువ రోజులైతే, ఏ రోజు మేత ఆ రోజుకు కాగితంలో పొట్లం కట్టి పక్కింటివాళ్ళకివ్వు. డబ్బా చేతికిచ్చావంటే జాలిపడి గుప్పెడు పోస్తారు.

మిగిలిన కోరీల పొట్టలు పక్కనుంచి చూసి రాయి. గుండ్రంగా ఉన్నాయా, పల్లంగా ఉన్నాయా? రెండు కోరీలు తగ్గాయి కదా, అవి గుంపుగా ఉండే జాతి. నా దగ్గర పిల్లలు ఎదిగాయి, వచ్చే ఆదివారం నాలుగు తీసుకొస్తాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఉంటానురా.